గాలి నిండిన తమేన్

దలా ఒడ్డు నుంచి అహ్లోన్ రేవు దాకా రంగూన్ ఏటిని అడ్డంగా ఈదిన తెలుగువాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. వాడే ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాడు. నీళ్లలో దిగేముందు నోట్లో పెట్టుకున్న చుట్ట అవతల ఒడ్డెక్కేదాకా ఆరలేదు. ఏటి నడుమ ఒక పెద్ద ఓడ అడ్డం వస్తే, దాని కెప్టెన్ పైనించి వంగి, "ఉ సన్యాసి, కాస్త నిప్పిస్తావా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. బర్మాలో పెద్దమనిషిని పేరుకి ముందు 'ఉ' చేర్చి పిలుస్తారు. నేను పెద్దమనిషినని ఆ కెప్టెన్‌కి అంత ఎత్తునించే తెలిసిపోయింది. నా చుట్టతో తన చుట్ట అంటించుకుని, సలాం కొట్టి మరీ దారి ఇచ్చాడు.

ఈ సంగతి అహ్లోన్‌లో అందరికీ తెలుసు. నేనే చెప్పాను కాబట్టి.

నా మనవడు బాబ్జీకి, మనవరాలు అమ్ములుకి ఈ కథ ఉగ్గుపాలతోనే పోశాను. అమ్ములు నమ్మలేదు, వెళ్లి పడవలవాళ్ల ఆడపిల్లలతో కలిసి ఈత నేర్చుకుంది. బాబ్జీ నమ్మాడు, నేర్చుకోలేదు. తాత ఈత ఎలాగూ రక్తంలో ఉంటుంది, అవసరమైనప్పుడు అదే పైకి వస్తుందిలే అని నేనన్న మాట పట్టుకున్నాడు.

ఆ ఎండాకాలం రంగూన్‌లో మామిడికాయలు తొందరగా వచ్చాయి. కరెంటు మాత్రం పొద్దున కాసేపు, రాత్రి కాసేపు ముఖం చూపించి పోయేది. వార్డు ఆఫీసులో కుర్రాళ్ల పేర్లు సైన్యానికి తీస్తున్నారని ఊరంతా ఒకటే గుబులు. మగపిల్లలున్న ఇళ్లలో తలుపు చప్పుడైతే అన్నం ముద్ద నోటి దగ్గర ఆగిపోయేది. మా ఇంట్లో బాబ్జీ ఉన్నాడు. ఆరడుగుల వాడు, దాచడానికి వీల్లేని సైజు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కో కో వచ్చాడు. తామ్వేలో ఈతకొలను దగ్గర పిల్లలకి ఈత నేర్పే మాస్టరు అతను. అమ్ములు అక్కడే టిక్కెట్లు చింపే పనిలో ఉండేది. బర్మావాడే అయినా అహ్లోన్‌లో మా వాళ్ల మధ్య పెరిగిన మనిషి. తెలుగు తిట్లూ తెలుగు పులుసులూ రెండూ ఎరిగినవాడు.

"సైప్రస్ అని ఒక దీవి" అన్నాడు కో కో, మా అబ్బాయి రాజబాబు వేసిన చాప మీద కూర్చుని. "మధ్యధరా సముద్రంలో ఉంది. అక్కడ ఒక హోటలుకి ఒడ్డున కాపలా కాసేవాళ్లు కావాలి. మునిగేవాళ్లని బయటికి తెచ్చేవాళ్లు. తింజాన్ నీళ్ల పండగ వెళ్లగానే పరీక్ష, నేనే పెడతాను. ఒక ఇంటినించి ఒకరే. ఇద్దరైతే కలిసి పారిపోతారని హోటలు వాళ్ల భయం."

"ఆ సముద్రంలో ఏటుంటాది కో కో?" అన్నాను.

"నీళ్లు, ఉ సన్యాసి. అడుగు కనపడే నీళ్లు."

"అడుగు కనపడతంటే మునగడం ఎందుకోయ్? నిలబడితే సరిపోద్ది కదా!"

కో కో నవ్వకుండా ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. అది నీరు కాదు, నీలం రంగు గాజు. ఒడ్డున జెండాలు. ఎర్రజెండా ఎగిరితే ఎంతటి మొనగాడైనా దిగకూడదు. నీటి మోటారుబండ్లు తిరిగే దారి వేరు, మనుషులు ఈదే దారి వేరు. మధ్యలో తాడుకి కట్టిన బంతులు. అడుగున రాయి ఉందో లేదో తెలియని చోట తలకిందులుగా దూకకూడదు. ఒంటరిగా ఈదకూడదు. గాలి ఒడ్డునించి సముద్రం వైపు వీస్తుంటే గాలిపరుపులు నీళ్లమీద వెయ్యకూడదు.

"గాలిపరుపు మీద పడుకుని సముద్రంలో నిద్రపోయే జనం కూడా ఉంటారేటి?"

"ఉంటారు. కళ్లు తెరిచేసరికి ఒడ్డు ఉండదు. వాళ్లని వెనక్కి తేవడమే ఉద్యోగం."

అమ్ములు గుమ్మం దగ్గర నిలబడి ఆ బొమ్మలు నాకంటే ముందే చూసేసింది. దాని కళ్లు చూస్తే, అది అప్పటికే ఆ ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే ఉంది.

"బాబ్జీ ఎల్తాడు" అన్నాడు రాజబాబు.

"నాకు ఈతొచ్చు అయ్యా" అంది అమ్ములు.

"నీ పేరు సైన్యానికి తియ్యట్లేదు."

"అన్నియ్యకి ఈత రాదు." చెవిటివాడికి చెప్పినట్టు నిదానంగా ఇంకోసారి అంది. "అన్నియ్యకి. ఈత. రాదు."

"రాకపోతే మా అయ్య నేరుపుతాడు. ఏరు అడ్డంగా ఈదినోడు ఇంట్లో ఉండగా మనకేటి కరువు?"

అందరూ నావైపు తిరిగారు. కో కో కూడా. వాడి మొహంలో మాత్రం నవ్వు దాగుంది.

మర్నాడు పొద్దున్న రేవు మెట్ల మీద నన్ను నిలబెట్టారు. పక్కన బాబ్జీ, తొడమీద చరుచుకుంటూ. మోకాలిలోతు నీళ్లలో దిగి నేను పక్కనున్న గుంజని రెండు చేతులా కావలించుకున్నాను. ఇక దాచి లాభం లేదు. నాకు ఈత రాదు. ఏనాడూ రాలేదు. దలా నుంచి వచ్చింది పెద్ద పడవలో, అందరికంటే మధ్యన, ఎవరిదో గొడుగు పట్టుకుని. చుట్ట వెలిగి ఉన్నమాట నిజం. కెప్టెన్ అన్నది టిక్కెట్లవాడు. నిప్పడగలేదు, అది అవతల పారెయ్యకపోతే నన్ను పారేస్తానన్నాడు.

రేవుమీద కుర్రాళ్లు పడి పడి నవ్వారు. నేను ఇంకా ఎక్కువ నవ్వాను. బాబ్జీ ఒక్కడే నవ్వలేదు. నా వైపు, గుంజ వైపు, ఏటి వైపు చూశాడు.

"తాతా! మరి రక్తంలో ఉంటాదన్నావు?"

"ఉంటాదిరా. నా రక్తంలో పడవ టిక్కెట్టు ఉంది."

ఆ సాయంత్రమే అమ్ములు బేరం పెట్టింది. అన్నం దగ్గర, అందరూ ఉండగా. "నాను నేరుపుతాను. తింజాన్ నాటికి కో కో చెప్పినంత దూరం అన్నియ్య ఈదితే ఆడెల్తాడు. ఈదలేకపోతే నానెల్తాను. ఇప్పుడే, అమ్మ ముందు, తాత ముందు ఒప్పుకో అయ్యా."

"అలాగేలేవే" అన్నాడు రాజబాబు, నవ్వుతూ. ఆడపిల్ల పందెం అనుకున్నాడు.

తోబుట్టువుకి ఎవరైనా గోరుముద్దలు తినిపించినట్టు నేర్పుతారు. ఇది కుక్కకి స్నానం చేయించినట్టు నేర్పింది. పోటు నిండి నీరు కదలకుండా నిలిచే కాసేపట్లో వాణ్ని రేవులో దింపేది. జుట్టు పట్టి తల ముంచేది. "నీళ్లు తాగకు, ఊదు! ఊదమంటే ఏడుస్తావేటి?" అనేది. వాడు దగ్గుతూ లేస్తే, "సైప్రస్‌లో ఇలాగే దగ్గుతావా? మునిగేవోడే నీ ఈపు నిమరాలి" అనేది. కుర్రాళ్లు ఈలలు వేసేవారు. నేను మెట్టుమీద కూర్చుని, "ఓరి బాబ్జీ, దున్నపోతు నీకంటే నయంరా, దానికి కొమ్ములైనా తేల్తాయి" అనేవాణ్ని. నేనున్నచోట జనం నవ్వకపోతే నాకు తోచదు.

అయితే అమ్ములు మోసం చెయ్యలేదు. అదే చూడ్డానికి కష్టంగా ఉండేది. చెయ్యి ఎలా చాపాలో, ఊపిరి ఎప్పుడు తియ్యాలో, తనకి తెలిసినదంతా వాడికి ధారపోసింది. వాడు ఒక్కో మూర ముందుకి పోతున్నకొద్దీ దాని సైప్రస్ ఒక్కో మూర వెనక్కి పోయేది. వాడు మొదటిసారి ఆయాసపడకుండా కట్టేసిన పడవదాకా పోయి వచ్చిననాడు "బాగుంది" అంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

లుంగీ విద్య కూడా నేర్పింది. మగాళ్ల లుంగీ అయినా, ఆడవాళ్లు కట్టే తమేన్ అయినా, రెండూ కుట్టేసిన గొట్టంలాంటి గుడ్డలే. తడిపి, ఒక కొస ముడివేసి, రెండో కొస గాలికెత్తి నీటిమీద ఛట్టున బోర్లా కొడితే లోపల గాలి నిండి గుమ్మడిపండులా ఉబ్బుతుంది. తడి నూలుగుడ్డలోంచి గాలి తొందరగా పోదు. అది చంకలో ఉంటే పడవ మీంచి జారిన మనిషి చాలాసేపు తేలుతాడు. ఇక్కడి ఏటి ఒడ్డు పిల్లలకి నడకతోపాటు వచ్చే విద్య ఇది.

ఒక ఆదివారం కో కో వచ్చి చూసి మెచ్చుకున్నాడు. "ఒక్కటి గుర్తుంచుకోండి. మునిగేవాడికి వస్తువు ఇవ్వాలి, చెయ్యి ఇవ్వకూడదు. చెయ్యి ఇచ్చారో, మిమ్మల్ని మెట్టు చేసుకుని పైకెక్కుతాడు. తల్లి అని చూడడు, చెల్లి అని చూడడు. ఇద్దరూ పోతారు. వస్తువు తోసి, దూరంగా ఉండండి."

అమ్ములు తలూపింది. బాబ్జీ చేతికి కట్టుకున్న దారం సవరించుకుంటున్నాడు.

ఆ దారం గురించి చెప్పాలి. సైన్యానికి తన పేరు రాకుండా ఉండాలని బాబ్జీ పగోడా దగ్గర మంత్రించే ఒక పెద్దాయన చేత కుడి మణికట్టుకి దారం కట్టించుకున్నాడు. తీసేవాడు కాదు, తడవకుండా చూసుకునేవాడు. ఈతలో కూడా ఆ చెయ్యి వీలైనంత పైకే పెట్టేవాడు. కట్టినాయన ఒకే పథ్యం చెప్పాడట: ఆడదాని తమేన్ తాకితే దారం చచ్చిపోతుంది.

అసలే మా ఇంట్లో ఆ పట్టింపు ఎక్కువ. ఆడవాళ్లు నడుముకి కట్టే గుడ్డ మగాడి తలకి పైన ఉండకూడదు, దాని కింద మగాడు నడవకూడదు, నడిస్తే తేజం పోతుంది అని బర్మావాళ్ల నమ్మకం. మా కోడలు వీరమ్మ పేరుకి వీరమ్మ గాని సగం బర్మా మనిషి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఒకటిన్నర. తమ గుడ్డలకి పెరట్లో మోకాలెత్తున వేరే దండెం కట్టింది. గాలికి ఎప్పుడైనా ఒకటి ఎగిరి కంచెమీద పడితే, బాబ్జీ పెరటిదారి మానేసి వీధంతా చుట్టి వచ్చేవాడు. "నీ పేరు సైన్యం వాళ్లకంటే ముందు మీ చెల్లెలి గుడ్డలకి తెలిసిపోయిందిరా" అని ఏడిపించేవాణ్ని.

తింజాన్ ఇంక రెండు మూడురోజులు ఉందనగా, రేవు పక్కన కుర్రాళ్లు వెదుళ్లతో పందిరి కడుతున్నారు. పాటలు మోగుతున్నాయి. బాబ్జీ లతా బజారు నుంచి కొత్త నిక్కరు తెచ్చుకున్నాడు, మెరిసే పచ్చరంగు. సైప్రస్‌లో లుంగీ కట్టుకుని కాపలా కాయనివ్వరు కదా అని అప్పుడే అలవాటు చేసుకుంటున్నాడు. ఏటి నడిమికి కొంచెం ఇవతల లంగరేసిన సరుకుల బార్జిదాకా పోయి వస్తే కో కో పరీక్ష నెగ్గినట్టే.

అమ్ములు నీళ్లు చూసింది. మెట్ల దగ్గర తేలుతున్న అరటిదొప్ప మెల్లిగా సముద్రం వైపు కదులుతోంది.

"పాటు మొదలైపోయింది. ఇవాళ వొద్దు. రేపు పోటుకి సూద్దాం."

"రేపు, రేపు! నాను ఈదీసేనంటే నువ్వు ఎల్లలేవు. అదే కదే నీ బాధ?"

"కాదు అన్నియ్యా. నీరు లాగేస్తాది."

"నువ్వు లాగెయ్యకుండా ఉంటే సాలు" అని కుర్రాళ్లకేసి తిరిగి కన్నుకొట్టి దూకేశాడు.

అది ఇంకేం మాట్లాడగలదు? పందెం కాసినదాని హెచ్చరిక ఎవరు వింటారు? దానికీ ఆ సంగతి ఆ క్షణంలోనే తెలిసినట్టుంది. నోరు మూసుకుని వాడి వెనకే దూకింది.

బాగానే పోయాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది. బార్జిని అందుకున్నాడు; దాని ఒంటికి పట్టిన నాచు మీద చెయ్యి జారింది. మళ్లీ పట్టుకోబోయేసరికి నీరు వాణ్ని దాటించేసింది. వెనక్కి తిరిగి ఈదుతున్నాడు గాని, ఉన్నచోటనే ఉన్నాడు. కాసేపటికి అక్కడా లేడు, ఇంకా దిగువకి పోయాడు.

అమ్ములు వాడికి రెండు బారల దూరంలో ఆగింది. ఈతబట్టల మీద చుట్టుకున్న తమేన్ విప్పి, ముడేసి, ఛట్టున కొట్టింది. నల్లమీద ఎర్రపూల తమేన్, ఉబ్బి తేలింది. దాన్ని వాడివైపు తోసింది.

ఒడ్డున కుర్రాళ్లు గోల పెట్టారు. చప్పట్లు, ఈలలు. నా గొంతు అహ్లోన్ రేవులో అందరికంటే పెద్దది, మా నాన్న బస్తాలు మోసేవాళ్లమీద కేకలేసిన గొంతు అది.

"పట్టుకోరా బాబ్జీ! చీర కట్టుకోడానికి సిగ్గయితే చంకలో పెట్టుకో!"

పందిరి మీదున్నవాళ్లు కూడా నవ్వారు.

బాబ్జీ తల తిప్పి చూశాడు. గుడ్డవైపు కాదు, మావైపు. దారం కట్టిన చెయ్యి నీటికి పైన అలాగే పట్టుకుని, ఎడమచేతి వెనకభాగంతో ఆ గుడ్డని అవతలికి నెట్టేశాడు. అమ్ములు ఈది వెళ్లి పట్టుకుని మళ్లీ తోసింది. మళ్లీ నెట్టేశాడు. మూడోసారి తోసినప్పుడు వాడు దేనివైపూ చూడటంలేదు. నోరు సరిగ్గా నీటిగీత దగ్గర ఉంది. చేతులు పక్కలకి చాచి, లేని నిచ్చెన ఎక్కుతున్నట్టు నీటిని కిందికి నొక్కుతున్నాడు. చప్పుడు లేదు.

"బాగా ఈదుతున్నాడే" అన్నాడు నా పక్కన ఒక కుర్రాడు.

తరవాత ఏటిలో అమ్ములు ఉంది, తమేన్ ఉంది.

మర్నాటి పోటు వాణ్ని తిరిగి మా రేవుకే తెచ్చి ఇచ్చింది. దారం చేతికే ఉంది. ముడి కూడా వదల్లేదు.

శవాన్ని శ్మశానానికి తీసుకెళ్లేసరికి తింజాన్ వచ్చేసింది. ఏడాది పాపమంతా కడిగెయ్యాలని ఊరు ఊరంతా ఒకరిమీద ఒకరు నీళ్లు పోసుకునే పండగ. అద్దెకి తెచ్చిన వ్యానులో ఏముందో దారినపోయేవాళ్లకి ఏం తెలుసు? మలుపు మలుపునా గొట్టాలతో, బకెట్లతో కొట్టారు. కిటికీ అద్దం పైకి రాలేదు. ఒక చిన్న పాప వెండిగిన్నెతో వచ్చి, ఎంతో భక్తిగా, రాజబాబు మెడమీద చన్నీళ్లు పోసి చల్లగా ఉండమని దీవించింది. రాజబాబు తుడుచుకోలేదు. కొడుకుని పొట్టనపెట్టుకున్న నీళ్లు ఇంకా చాలవన్నట్టు దారి పొడుగునా తడుస్తూనే కూర్చున్నాడు.

తిరిగి వచ్చాక, తడిబట్టలతోనే, అమ్ముల్ని నిలబెట్టాడు.

"పందెం గెలిసేవు కదే."

"ఇచ్చేను అయ్యా. తీసుకోలేదు."

"మునిగేవోడు తీసుకోపోవడమేటే? రెండు బారల్లో ఉన్నావంట. సెయ్యి ఎందుకివ్వలేదు?"

"సెయ్యి ఇవ్వకూడదు."

కో కో పరీక్షకి అది సరైన జవాబు. ఆ ఇంట్లో మాత్రం అంతకంటే చెడ్డమాట మరొకటి లేదు. రాజబాబు చెయ్యెత్తాడు గాని కొట్టలేదు.

"నాను బతికుండగా నువ్వు ఈ ఊరు దాటవు. ఏ సముద్రమూ సూడవు. ఇక్కడే, ఈ ఏటినే, దినామూ సూస్తా బతుకు."

అమ్ములు తామ్వే పని మానేసింది. మాట మానేసింది. కో కో రెండుసార్లు వచ్చి గుమ్మంలోంచే తిరిగిపోయాడు. పరీక్ష దానికోసం కొద్దిరోజులు వాయిదా వేశాడని తెలిసింది.

అప్పుడు వీరమ్మ ఒక పని చేసింది. పెద్దగా ఏడవని మనిషి. ఆ నల్లమీద ఎర్రపూల తమేన్ ఉతికి, ఆరేసి, వీధి గుమ్మానికి అడ్డంగా, సరిగ్గా మగాడి తలెత్తున, రెండు మేకులు కొట్టి కట్టేసింది.

"ఇంక ఈ ఇంటి మగోళ్లు దీని కిందనించే రావాలి" అంది. "నాను నేరిపిన పట్టింపే నా కొడుకుని మింగింది. ఇప్పుడు నానే తీసేత్తన్నాను."

నేను మొదటిరోజే కింద దూరాను. నాకు పోవడానికి తేజం ఏం మిగిలింది గనక? రాజబాబు దూరలేదు. పెరటిదారిన వచ్చేవాడు, పెరటిదారిన పోయేవాడు. గుమ్మంలో ఆ గుడ్డ వేలాడుతూనే ఉంది.

వైశాఖంలో ఇంకో వార్త వచ్చింది. మగపిల్లలు పని కోసం దేశం దాటడానికి ఇకనించి పర్మిట్లు లేవని. అంటే బాబ్జీ ఆ బార్జిని పదిసార్లు చుట్టి వచ్చినా, చేప కంటే బాగా ఈదినా, విమానం ఎక్కేవాడు కాదు. టీకొట్టులో ఆ వార్త విన్న రాజబాబు గ్లాసు కింద పెట్టి, చాలాసేపు దాని అడుగున ఉన్న పంచదార కేసి చూశాడు.

నేను ఆ రోజు కోసమే కాచుకుని ఉన్నాను. పక్కన కూర్చున్నాను.

"రాజబాబూ. ఆడు ఒక మాటన్నాడురా."

"నీ మాటలు నాకొద్దయ్యా."

"నా మాట కాదు. ఆడి మాట. మునిగిపోయే ముందు రేవుకేసి సూసి అరిసేడు. 'సెల్లిని పంపమని అయ్యకి సెప్పు' అన్నాడు."

రాజబాబు నా మొహంలోకి చూశాడు. "నువ్వు ఏరు ఈదినోడివి. ఓడ కెప్టెన్‌కి నిప్పిచ్చినోడివి."

"ఔను. అవన్నీ సెప్పినప్పుడు నాను నవ్వుతాను కదరా. ఇప్పుడు నవ్వుతన్నానేటి?"

నవ్వలేదు. ఎనభై ఏళ్ల బతుకులో నవ్వకుండా అబద్ధం చెప్పడం అదే మొదలు. దవడలు నొప్పెట్టాయి.

"ఇంకేటన్నాడు?" అన్నాడు రాజబాబు. గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది. ఇంకో మాట, ఇంకో ముక్క, ఏదైనా సరే కావాలి వాడికి. అలాంటి గిరాకీ నాకు జన్మలో తగల్లేదు. బస్తాల కొద్దీ సరుకు ఉంది నా దగ్గర. ఇవ్వలేదు.

"అంతే."

ఇంటికి వచ్చాం. అమ్ములు చేటలో బియ్యం చెరుగుతోంది. రాజబాబు పెరటివైపు నుంచి వచ్చి దానిముందు నిలబడ్డాడు.

"సెల్లిని పంపమని నాకు సెప్పమన్నాడంట మీ అన్నియ్య. తాత ఇన్నాడంట. నిజమేనా?"

అమ్ములు చేట ఆపింది. నావైపు చూసింది. రేవుమీద బాబ్జీ చూసిన చూపు కాదది. అంతకంటే నిదానమైనది. నా మెడనరాలు లెక్కపెడుతున్నట్టు చూసింది.

"నా సెవుల్లో నీళ్లున్నాయి అయ్యా" అంది. "నాకేటీ ఇనపళ్లేదు."

రాజబాబు వెనుదిరిగాడు. పెరటిదారిన బయటికి పోయాడు. ఇల్లంతా చుట్టి, వీధి గుమ్మం దగ్గరికి వచ్చి, తలవంచి, ఆ తమేన్ కిందనించి లోపలికి వచ్చాడు. వంగినా గుడ్డ వాడి జుట్టుకి తగిలింది. వీరమ్మ లేచి మేకులు పీకి, దాన్ని మడతపెట్టి అమ్ములు పెట్టెలో పెట్టింది.

అమ్ములు పరీక్ష నెగ్గింది. వానలు గట్టిపడ్డాక వెళ్లిపోయింది. విమానం దగ్గరికి నన్ను రావద్దంది, బండిలో చోటు లేదని. బండిలో చోటుంది.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక సాయంత్రం ఫోన్ చేసింది. నాకే. తెరమీద దాని మొహం ఎండకి నల్లబడి, జుట్టు ఉప్పుకి తాళ్లు కట్టి ఉంది. వెనక ఆ నీలంగాజు.

"తాతా, కో కో సెప్పింది నిజమే. నిన్న ఒక ముసల్ది గాలిపరుపు మీద నిద్రపోయి సముద్రం నడిమికి పోయింది. నాను ఈదుకెల్లి లేపితే, 'ఒడ్డుని ఎక్కడ పెట్టేవమ్మా' అని నన్నే దెబ్బలాడింది!"

"దానికి తెలుగొచ్చేటే?"

"తిట్టు ఏ బాసయినా తెలుస్తాది తాతా." నవ్వింది. తరవాత అంది. "ఇక్కడ మొదటిరోజే ఒకటి సెప్పేరు. మునిగేవోడు అరవడంట. మాటాడడంట. నోరు గాలికే సాలదంట."

"అలాగా" అన్నాను.

"నువ్వు అయ్యకి అలా సెప్పినందుకే నానిక్కడున్నాను. నీమీద నాకు కోపం లేదు తాతా."

నా కథల్లో ఏది కల్పించానో అడిగే హక్కు విన్నవాళ్లకి ఉంటుంది. రాజబాబుకి చెప్పిన అబద్ధం మీ ఎదుటే చెప్పాను, అది దాచలేదు. కల్పించినది ఆ ఫోన్. అది రాలేదు. అమ్ములు వాళ్లమ్మకి చేస్తూనే ఉంటుంది. వీరమ్మ ఫోన్ నావైపు తిప్పితే తెరమీద కాస్త ఆకాశం కనపడుతుంది, ఆ వెంటనే సిగ్నల్ పోతుంది. వీరమ్మ వైపు తిప్పుకుంటే మళ్లీ వస్తుంది. గాలిపరుపు మీద ముసల్దాన్ని పడుకోబెట్టింది నేను. 'కోపం లేదు' అన్నది నేను.

మునిగేవాడు మాట్లాడడన్నది మాత్రం కల్పన కాదు. అది నాకు సైప్రస్ నుంచి ఎవరూ చెప్పక్కర్లేదు. రేవుమీద నిలబడి, నవ్వుతూ, నా కళ్లతో చూశాను.